ప్రిమ్‌రోజు వియ్యంకులు

హిమాలయ పుష్ప పరిశోధనా సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. మంచుకొండల్లో ఉండాల్సింది ఇక్కడెందుకుందని అడిగే అమాయకులు అప్పుడప్పుడు తగులుతూనే ఉంటారు. ఇక్కడ బిల్డింగు ఖాళీగా ఉంది, అక్కడ లేదు. అంతకన్నా ఏం కారణం కావాలి? డైరెక్టరు గారి గదిలో ఏసీని ఆపకుండా నడిపి, కిటికీకి కొండల బొమ్మ ఉన్న తెర వేలాడదీశారు. చూడటానికి వచ్చిన పెద్దలు శాలువా కప్పగానే విప్పి పక్కన పెట్టేయకుండా ఇంకాస్త దగ్గరకు లాక్కునే ఆఫీసు దేశం మొత్తంలో ఇదొక్కటే.

ఈ సంస్థకో నియమం ఉంది. కొత్త జాతి పూవును కనిపెట్టిన శాస్త్రవేత్తకు ప్రమోషను. పాత జాతి పాతదేనని రుజువు చేసినవాడికి ఏమివ్వాలో ఆ నియమం రాసినవాళ్ళకు తోచలేదు. దాంతో అందరి కళ్ళూ వెళ్ళి చోలింగ్ కనుమ దగ్గరున్న ఒక వాలు మీద పడ్డాయి.

ఆ వాలు నిండా ప్రిమ్‌రోజు పూలు. ప్రిమ్‌రోజు అల్లరి మొక్క. వాగు ఒడ్డున మోకాలెత్తు పెరుగుతుంది. మంచు అంచుకు పోతే అదే మొక్క బొటనవేలంత అయిపోతుంది. ఎండలో గులాబీ రంగు, నీడలో ఊదా, బుద్ధి పుడితే తెలుపు. ఆకు మీద ఒకదానికి పిండి చల్లినట్టుంటుంది, పక్కదానికి నున్నగా ఉంటుంది. పొట్టిది కనిపించిన ఏడాది ఒకాయన సీనియర్ సైంటిస్టు అయ్యాడు. తెల్లది కనిపించిన ఏడాది ఇంకొకాయన అయ్యాడు. గొర్రె సగం మేసి వదిలేసిన మొక్కను చూసి, ఆకులు అర్ధచంద్రాకారంలో ఉన్న అరుదైన జాతి అని రాసి, ఒకాయన ఏకంగా విభాగాధిపతి అయి కూర్చున్నాడు. అలా ఆ ఒక్క వాలు మీద ముప్పై ఒక్క జాతులు తేలాయి.

వీటిలో రెండు మహా జాతులు. ఒకటి డైరెక్టరు ధూళిపాళ రంగధామం గారిది, రెండోది డిప్యూటీ డైరెక్టరు మేడూరి కుటుంబశాస్త్రి గారిది. రంగధామం గారి పూవులో కీలం, అంటే పుప్పొడిని అందుకునే కాడ, పొడుగు. పూవు నోట్లోకి తొంగి చూస్తే గుండుసూది తలకాయలాగా పైకి కనిపిస్తుంది. కుటుంబశాస్త్రి గారి పూవులో కీలం పొట్టిగా లోపలెక్కడో దాక్కుంటుంది, పుప్పొడి పైన ఉంటుంది. ఈ తేడా మీద ఇద్దరూ రెండు కుర్చీలు సంపాదించారు, పదేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. తన జాతిలో ఎదుటివాడి జాతి కలిసిపోకుండా పొడుగు కీలం మొక్కల్ని తూర్పు వైపుకీ, పొట్టి కీలం మొక్కల్ని పడమటి వైపుకీ నాటించి, మధ్యన ఎత్తుగా రేకుల గోడ కట్టించారు. ఆ గోడకు జాతి పరిశుద్ధతా ప్రాకారం అని పేరు. ప్రారంభోత్సవం మాత్రం ఇద్దరూ విడివిడిగా, చెరో వైపు నుంచి చేసుకున్నారు.

గోడ కట్టిననాటి నుంచీ వాలు మీద ఒక్క పూవు గింజ కట్టలేదు.

ఈ సంగతి పట్టించుకున్న మనిషి ఆ కనుమ దగ్గరి క్షేత్ర కేంద్రంలో పనిచేసే డాక్టర్ వేమూరి హైమవతి ఒక్కతే. ఆవిడది పొన్నూరు. బదిలీలు వేసేటప్పుడు పేరు చూసి, హిమాలయాలకు ఈ పేరైతే బాగుంటుందని పంపించేశారు. వచ్చిన కొత్తలో చలికి ఏడ్చింది. తర్వాత ఆ పూలు చూసి ఏడుపు మానేసింది. గోడ కట్టకముందు ఏరిన గింజలు కొన్ని కుండీల్లో వేసి చూస్తే, ఒకే కాయలోంచి పొడుగువీ, పొట్టివీ, తెల్లవీ, గులాబీవీ అన్నీ పుట్టాయి. ముప్పై ఒక్క జాతులూ ఒకే అమ్మ కడుపున పుట్టిన పిల్లలని ఆవిడకు అప్పుడు తేలిపోయింది. రేకుల గోడ ఏం చేసిందో కూడా తేలిపోయింది. పొడుగు కీలం పూవుకు పొట్టి కీలం పూవు పుప్పొడి అందితేనే గింజ కడుతుంది, పొట్టిదానికి పొడుగుదాని పుప్పొడి కావాలి. ఆ కనుమలో గాలి కోతకు తుమ్మెదలు నేలనంటుకుని ఎగురుతాయి కాబట్టి అంతెత్తు గోడ దాటలేవు.

గింజ కట్టకపోయినా మొక్కలు ఎలాగో బతుకుతున్నాయి కదా అని ఇన్నాళ్ళూ ఓపిక పట్టింది. ఆ ఏడాది మాత్రం పట్టలేకపోయింది. చోలింగ్ పూల అందం చూడటానికి జనం రావాలని కనుమ దాకా రోడ్డు వేస్తున్నారు. వచ్చిన జనం కార్లు ఎక్కడ పెట్టుకుంటారు? చుట్టుపక్కల అంతా రాళ్ళు, మెత్తగా ఉన్న నేల పూలున్న వాలే కాబట్టి కార్ల స్థలం అక్కడే అని ఖాయం చేశారు. చలికాలం రాకముందే పని మొదలవుతుంది. ఆ వాలు మీదే అటూ ఇటూ మార్చి నాటితే బతికింది గానీ, వేళ్ళతో పెకలించి పై వాలుకు తీసుకుపోతే ఆ మొక్క బతకదు, ఆవిడ చేసి చూసింది. ఈ వేసవిలో గింజ కడితే పై వాలు మీద చల్లుకోవచ్చు. కట్టకపోతే ఆ పూవు ఇక లేనట్టే. గోడ తీయించుకుందామని హైమవతి హైదరాబాద్ రైలెక్కింది.

"సార్, మీ జాతీ కుటుంబశాస్త్రి గారి జాతీ రెండూ ఒకటే సార్," అంది డైరెక్టరు గదిలోకి వెళ్ళీ వెళ్ళగానే. అదీ ఆవిడకున్న దుర్గుణం. నిజం నోట్లో ఉంటే మింగలేదు.

రంగధామం గారు కళ్ళజోడు తీశారు. "ఏవమ్మా, అంటే నేను డైరెక్టర్ని కాదంటావా?"

"నేనలా అనలేదు సార్."

"అన్నావు. నా జాతి లేకపోతే నా ప్రమోషను లేదు. నేను దిగితే నా వెనకాల అందరూ ఒక్కో మెట్టు దిగాలి. దిగుతూ దిగుతూ ఆఖరికి గేటు బయట పడతాం. బిల్డింగు ఖాళీ అవుతుంది. ఖాళీ బిల్డింగు కనపడితే ఎడారి ఒంటెల సంస్థ వాళ్ళు వచ్చి దిగుతారు. అది నీకు సమ్మతమేనా?"

హైమవతికి దుఃఖం వచ్చింది. రెండు రోజులు రైల్లో కూర్చుని వచ్చింది ఈ మాట వినడానికా అనుకుంది. తల దించుకుంటే బల్ల మీద పసుపు పూసిన కాగితాలు కనిపించాయి. డైరెక్టరు గారి అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారు.

"సార్, మీ అబ్బాయికి సగోత్రం సంబంధం వస్తే చేస్తారా?" అంది.

"శివశివా! అవేం మాటలమ్మా?"

"ఈ పూలూ చేసుకోవు సార్. పొడుగు కీలాలన్నీ ఒక గోత్రం అనుకోండి, పొట్టి కీలాలన్నీ ఇంకో గోత్రం. సగోత్రంలో గింజ కట్టదు. మీరు గోడ కట్టి సగోత్రం వాళ్ళనంతా ఒకచోట కూర్చోబెట్టారు."

రంగధామం గారి మొహం వెలిగిపోయింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో వృక్షశాస్త్రం ఆయనకు ఒక్క ముక్కలో అర్థం కావడం అదే మొదటిసారి. "అలా చెప్పవేమమ్మా మొదట్నుంచీ? అంటే మా వాళ్ళూ, కుటుంబశాస్త్రి గారి వాళ్ళూ సంబంధం కలుపుకోవాలన్నమాట! రెండు కుటుంబాలూ ఉంటాయి, రెండు పేర్లూ ఉంటాయి, ఎవరి పరువు వారిదే. భేషుగ్గా ఉంది!"

రెండూ వేరు కాదు సార్ అనబోయి హైమవతి ఆగింది. పోనీలే, గోడ పోతే చాలు, గింజ కడితే చాలు అనుకుంది. తర్వాత చాలాసార్లు ఆ క్షణం తలుచుకుని నోరు కొట్టుకుంది.

మర్నాడే సమావేశం పెట్టారు. పదేళ్ళ తర్వాత కుటుంబశాస్త్రి గారు డైరెక్టరు గదిలో అడుగు పెట్టారు. ఆయన వెంట తెచ్చుకున్నది తన శాస్త్ర వ్యాసాలు కాదు, పండ్ల బుట్ట. ఇద్దరూ బావగారూ అంటే బావగారూ అనుకున్నారు. పరిపాలనాధికారి చిత్రాడ విశ్వపతి గారు నియమావళి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నియమావళి లేకుండా ఆయనను ఎవరూ చూడలేదు. ఇంట్లో కూర రుచి చూసే ముందు కూడా అందులో చూస్తాడని క్యాంటీనులో చెప్పుకుంటారు.

"వియ్యంకుల మధ్య గోడ ఉండటం అరిష్టం. రేపే తీయించేద్దాం," అన్నారు రంగధామం గారు. హైమవతి ప్రాణం లేచి వచ్చింది.

"తప్పకుండా," అన్నారు కుటుంబశాస్త్రి గారు. "అయితే మేం మగపెళ్ళివారం. ఎదురుకోలు ఘనంగా ఉండాలి."

"మీరు మగపెళ్ళివారేమిటండీ? డైరెక్టరు వైపు ఆడపెళ్ళివారవడం ఎక్కడన్నా ఉందా?"

"మా పుప్పొడి పైనుంటుంది, అందరికీ కనపడుతుంది. మీది లోపల దాక్కునుంటుంది. చూసినవాడెవడైనా చెబుతాడు ఎవరు మగపెళ్ళివారో."

పండ్ల బుట్ట కుటుంబశాస్త్రి గారి వైపుకు జరిగింది. హైమవతికి భయం వేసి లేచి నిలబడింది. "సార్, ప్రతి పూవులోనూ పుప్పొడీ ఉంటుంది, కాయ కట్టే భాగమూ ఉంటుంది. ఇద్దరూ మగపెళ్ళివారే, ఇద్దరూ ఆడపెళ్ళివారే."

విశ్వపతి గారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. "అట్టి పరిస్థితులలో ఉభయ పక్షముల వారూ మగపెళ్ళివారుగానే పరిగణింపబడుదురు. ఆడపెళ్ళివారు నిర్వర్తించవలసిన సమస్త విధులనూ, మర్యాదలతో సహా, క్షేత్ర కేంద్ర బాధ్యురాలు నిర్వర్తించవలెను."

అలా హైమవతి ఇద్దరికీ ఆడపెళ్ళివారు అయింది. పండ్ల బుట్ట వెనక్కి వచ్చింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ముహూర్తం సంగతేమిటని రంగధామం గారు అడిగారు, విశ్వపతి గారు సొరుగులోంచి పంచాంగం తీశారు.

"పుష్పములు వికసించు కాలము?"

"జూన్ చివరి నుంచి జూలై మధ్య దాకా అండీ," అంది హైమవతి.

విశ్వపతి గారు వేలు తడుపుకుని పేజీ తిప్పారు. తిప్పినవారు తిప్పినట్టే ఉండిపోయారు. "ఆషాఢం," అన్నారు నెమ్మదిగా. వియ్యంకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదేళ్ళలో వాళ్ళిద్దరూ మెలిక లేకుండా ఏకీభవించిన మొదటి విషయం అది.

"శ్రావణంలో పెట్టుకుందాం. ఎన్ని ముహూర్తాలు కావాలంటే అన్ని," అన్నారు కుటుంబశాస్త్రి గారు.

"శ్రావణానికి పూలు రాలిపోతాయి సార్."

"ఓ నెల ఆగమని చెప్పమ్మా."

"ఎవరికి సార్?"

"పూలకే."

హైమవతి ఏడవకూడదని గట్టిగా అనుకుని, వాదనకు దిగింది. ఉత్తరాది లెక్కలో శ్రావణం మనకన్నా పక్షం ముందే వస్తుందనీ, కనుమ ఉన్నది ఉత్తరాదిన కాబట్టి ఆషాఢ పౌర్ణమి దాటితే అక్కడ శ్రావణమేననీ చెప్పింది. ప్రధాన కార్యాలయం ఏ పంచాంగం ప్రకారం నడుస్తుందో క్షేత్ర కేంద్రములూ అదే పంచాంగం ప్రకారం నడవవలెనని విశ్వపతి గారు అన్నారు. అయితే ఇవి కొత్త జంటలు కావు, గోడ కట్టక ముందు ఏళ్ళ తరబడి కాపురం చేసినవే, పాత కాపురాలకు ఆషాఢం అడ్డు రాదు కదా అంది.

"అందుకు రుజువు?"

"పిల్లలున్నారండీ. నా కుండీల్లో ఉన్నవన్నీ వాళ్ళ పిల్లలే."

విశ్వపతి గారు కలం కింద పెట్టారు. "అనగా, ఇంతకాలం సంస్థ ఆవరణలో, సంస్థ అనుమతి లేకుండా..." ఆయన మాట పూర్తి చేయలేకపోయారు. కుటుంబశాస్త్రి గారు చెవులు మూసుకున్నారు. తన నోటితోనే పని ఇంకా చెడగొట్టానని హైమవతికి అర్థమైంది.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ఆషాఢ మాసము ప్రవేశించిన తక్షణమే ఉభయ పక్షముల పుష్పములపైనా వలలు కప్పవలెను. శ్రావణ శుద్ధ పంచమి వరకు ఏ పుష్పమునూ ఏ తుమ్మెదయూ తాకరాదు. ప్రతులు: క్షేత్ర కేంద్రమునకు, భండార విభాగమునకు, మరియు సమాచార నిమిత్తము తుమ్మెదలకు.

వలలు ఎవరు తక్కువ ధరకు ఇస్తే వాళ్ళ దగ్గరే కొనాలన్నది ఇంకో నియమం. కాకినాడ వ్యాపారి ఒకాయన అందరికన్నా తక్కువకు ఇచ్చాడు. వలల మూటలు హిమాలయాలెక్కాయి. గోడ తీసేసిన రోజునే ఆషాఢం వచ్చింది. పూలు పూశాయి. గులాబీవీ, ఊదావీ, తెల్లవీ కలిసి వాలంతా విరగబూసింది. అంత అందం ముందు నిలబడి, కళ్ళకు నీళ్ళు అడ్డం పడుతుంటే తన చేతులతోనే మేకులు కొట్టి, హైమవతి వలలు కప్పించింది. కప్పించి ఒక రాయి మీద కూర్చుని ఏడ్చింది. గోత్రం మాటెత్తకుండా ఉంటే కనీసం గోడ దగ్గర రాత్రికి రాత్రి ఒక రేకైనా ఊడబీకేదాన్ని కదా అని తనను తానే తిట్టుకుంది.

అప్పుడొచ్చింది ఒక తుమ్మెద. బొద్దుగా, బొచ్చుతో, బద్ధకంగా వచ్చి వల మీద వాలింది. రెండడుగులు నడిచింది. ఒక కంతలోంచి దబ్బున లోపలికి జారి పొడుగు కీలం పూవులో తల దూర్చింది. బయటికొచ్చి, పక్కకు ఎగిరి, ఇంకో వల మీద వాలి, ఇంకో కంతలోంచి పొట్టి కీలం పూవులోకి దిగింది.

హైమవతి కళ్ళు తుడుచుకుని దగ్గరకెళ్ళి చూసింది. కంతలు ఒక్కొక్కటీ అరచెయ్యంత ఉన్నాయి. వల వాసన చూసింది. సముద్రపు వాసన. ముడి దగ్గర ఎండిపోయిన చేప పొలుసు ఒకటి మెరుస్తోంది. కాకినాడ వ్యాపారి పండుగొప్పలు పట్టే వలలు పంపించాడు. ఆవిడ ఆ కొండ మీద ఒక్కతే పడీ పడీ నవ్వింది.

ప్రతి ఉదయం విశ్వపతి గారు ఫోన్ చేసేవారు.

"వలలు యథాస్థానములో ఉన్నవా?"

"ఉన్నాయండి."

"చిరుగులేమైనా?"

"ఒక్క చిరుగు కూడా లేదండి."

"తుమ్మెదలు అలజడి చేయుచున్నవా?"

"లేదండి. చాలా ప్రశాంతంగా ఉన్నాయి."

నిజాన్ని మింగలేని మనిషికి, అడిగినంత మేరకే నిజం చెబితే ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది.

శ్రావణ పంచమికి వియ్యంకులిద్దరూ పట్టుపంచెలు కట్టుకుని, పైన ఉన్ని కోట్లు తొడుక్కుని కనుమకు వచ్చారు. హైమవతి ఇద్దరికీ కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయని ఇద్దరూ మగపెళ్ళివారి గొంతుతోనే కేకలేశారు. ఫ్లాస్కులో కాఫీకి పంచదార తక్కువైందని కుటుంబశాస్త్రి గారు అలిగారు, బతిమాలించుకుని తాగారు. వలలు తీయించారు. వాలు మీద ఒక్క పూవు లేదు. ఎండిన కాడలు, వాటి చివర చిన్న చిన్న కాయలు, అంతే.

"మనవాళ్ళేరమ్మా?" అన్నారు రంగధామం గారు అటూ ఇటూ చూస్తూ.

"మీ కాళ్ళ కింద సార్."

ఆయన కిందికి చూశారు. తనను డైరెక్టర్ని చేసిన మొక్క మీద నిలబడి దాన్ని ఆయన గుర్తుపట్టలేకపోయారు. కుటుంబశాస్త్రి గారు వంగి ఒక కాడను కళ్ళజోడులోంచి చూసి, "ఇదేదో గడ్డి," అని తేల్చారు.

"అవును సార్, గడ్డే," అంది హైమవతి. ఆ కాయలు చిట్లడానికి సిద్ధంగా ఉన్నాయని ఆవిడకు కనపడుతూనే ఉంది.

పూలు రానందున పెళ్ళి వాయిదా పడింది. ఇద్దరూ కొండ దిగేదాకా ఆగి, హైమవతి విశ్వపతి గారికి ఫోన్ చేసి, ఒకవేళ ఎక్కడన్నా గింజలు కనపడితే వాటిని పై వాలుకు తీసుకెళ్ళడానికి అనుమతి కావాలా అని అడిగింది.

"ముహూర్తము జరగలేదు. కావున గింజలు కట్టుటకు అవకాశము లేదు. లేని గింజలకు అనుమతి ఎట్లా జారీ చేయమందురు?"

"మరి అనుమతి లేకుండా తీసుకెళితే?"

"లేని వాటిని తీసుకెళ్ళకుండా మిమ్మల్ని ఎవరు ఆపగలరమ్మా?"

ఆవిడ మనసారా దణ్ణం పెట్టింది. లేని గింజల్ని టిఫిన్ క్యారియర్‌లో నింపుకుని, పై వాలెక్కి, మంచు కరిగిన తడి మట్టి మీద చల్లింది. చలికాలం ముందే కింది వాలు మీద కంకర పోశారు. ఆ రోజు ఆవిడ అటువైపు చూడలేదు.

మూడో వేసవికి పై వాలు పూసింది. రోడ్డు కూడా పూర్తయింది. చోలింగ్ పూల అందం చూడటానికి వచ్చినవాళ్ళు కార్లు బాగానే పెట్టుకోగలిగారు గానీ పూలెక్కడని గొడవ చేయసాగారు. ఆ గొడవ తీర్చడానికి పై వాలు మీద హోటలు కట్టాలని ఎవరికో తోచి, గుర్తు కర్రలు పాతేశారు. వియ్యంకులిద్దరూ శంకుస్థాపనకు వచ్చి, కారు దిగి నిలబడిపోయారు.

"కొత్త జాతి!" అని అరిచారు రంగధామం గారు. "ముప్పై రెండోది!"

"ముందు చూసింది నేను," అన్నారు కుటుంబశాస్త్రి గారు.

హైమవతి నోట్లో నిజం కదిలింది. ఇది పాతదే సార్, కింద మీరు కంకర పోసినదే, మీరు గడ్డి అన్నదే. కానీ ఆవిడ గుర్తు కర్రల వైపు చూసింది. కనిపెట్టినంత మాత్రాన చాలదు గానీ, డైరెక్టరు పేరే పెట్టిన జాతి పెరిగే నేలలో ఎవరూ గునపం వేయకూడదన్న నియమం నియమావళిలో ఎక్కడో ఉందని విశ్వపతి గారే ఒకసారి చెప్పారు. ఇన్నేళ్ళుగా నమ్ముకున్న శాస్త్రం ఒకపక్క, వాలు నిండా పూసిన పూలు ఒకపక్క ఉన్నాయి. ఆవిడకు సిగ్గేసింది, అయినా ఎక్కువసేపు ఆలోచించలేదు.

"కొత్తదే సార్," అంది. "మీ సంబంధం ఫలించింది. ఇది మీ ఇద్దరి మనవడు. తాతలిద్దరి పేర్లూ కలిపి పెట్టుకోవాలి."

తాతలిద్దరూ కౌగిలించుకున్నారు. రంగధామకుటుంబీయ ప్రిమ్‌రోజు అని నామకరణం జరిగింది. హోటలు వాళ్ళు కర్రలు పీక్కుని వెళ్ళిపోయారు. రిపోర్టులో ఆడపెళ్ళివారి తరఫున హైమవతి సంతకం పెట్టబోతుంటే కుటుంబశాస్త్రి గారు దగ్గరకొచ్చి, డైరెక్టరు గారికి వినపడకుండా అడిగారు.

"నిజం చెప్పమ్మా. పిల్లలు మా పోలికా, వాళ్ళ పోలికా?"

హైమవతి వాలు వైపు చూసింది. ఒక పూవులో కీలం పొడుగు, దాని పక్కదానిలో పొట్టి. మధ్యలో గోడ లేదు, వల లేదు. తుమ్మెద ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది.

"సరిగ్గా సగం సగం సార్," అంది.

ఆ మాట కూడా రిపోర్టులో రాయమన్నారు. రాసింది. ఆ రిపోర్టు మొత్తంలో నిజం అదొక్కటే.